ఆరో మీట

పోలయ్య కుడిచేతికి మూడు వేళ్ళే.
మిగతా రెండూ నరసాపురంలో ఐసు మిషను తినేసింది,
తొమ్మిదేళ్ళ కిందట.
"ఉన్న బొటనవేలు చాల్లే అమ్మాజీ,
దాని కిందకే తెచ్చి పెట్టు అన్నీ" అన్నాడు
రొయ్యల వ్యాను తాళాలు నా బల్ల మీద పడేస్తూ.

స్టీరింగు మీద ఆరు మీటలు బిగించాం, తమ్ముడూ నేనూ.
ఏ మీటకి ఏ పని అప్పజెప్పాలో మన ఇష్టం.
ఇష్టం అన్నచోటే చిక్కంతా.
పని మారితే పేరు మారాలి,
మారిన పేరు ఎదురుగా తెర మీద కనబడాలి.
కనబడ్డం అంటే చదవడం కాదు.
చూపు అరక్షణం దిగి
మళ్ళీ రోడ్డెక్కెయ్యాలి.

మొదటిసారి గీసింది గొప్పగా ఉందనుకున్నాను.
నీలం మీద తెలుపు, మీటకో బొమ్మ,
బొమ్మ కింద తెలుగులో పేరు.
షెడ్డు నీడలో ముత్యాల్లా ఉన్నాయి.
బయటికి తీస్తే
రొయ్యల చెరువుల మీంచి లేచిన ఎండ
తెరలో దూరి అన్నిటినీ కడిగేసింది.
"హెచ్చు"లో చ వత్తు అంచు కింద తెగిపోయింది.
గుడికీ గుడి దీర్ఘానికీ తేడా
గట్టు మీద గతుకుల్లో ఎవడు చూస్తాడు?
మన అక్షరాలకి కింద చోటు కావాలి,
వరి చేనుకి మురుగు కాలవ కావాల్సినట్టు.
ఆ తెర చేసినవాళ్ళకి ఈ సంగతి
ఎవరూ చెప్పినట్టు లేదు.

రెండోసారి చిన్న మాటలు, పెద్ద అక్షరాలు.
ఒకే మీటకి రెండు పనులిచ్చాను, తెలివనుకుని:
మామూలప్పుడు హారను, వాన మోడులో వైపరు.

ఆ శుక్రవారం రాత్రి జల్లు పడింది.
వాన మోడు అలాగే ఉండిపోయింది.
తెల్లారుజామున లోసరి దాటాక, కాలవ మలుపులో
మంచులోంచి ఒక గేదె, దాని వెనక ఇంకో రెండు.
పోలయ్య హారను నొక్కాడు.
వైపరు లేచి
గేదెలకి చెయ్యూపింది.

బండి ఆగింది. మధ్యన రెండు జానల రోడ్డు.
వెనక ఐసు పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి.

తిడతాడనుకున్నాను.
షెడ్డుకొచ్చి, టీ చల్లారేదాకా ఊదుకుని
వాళ్ళ అయ్య సంగతెత్తాడు.
లాంచీ మీద సరంగు. పైన చుక్కాని, కింద ఇంజను గది,
మధ్యలో ఒక తాడూ గంటా.
ఆగున్నప్పుడు ఒక గంట అంటే, పద.
పోతున్నప్పుడు అదే ఒక గంట, ఆపు.
"మరి తికమక పడేవారు కాదా?"
"కిందోడు తిరిగి కొట్టేవోడు అమ్మాజీ,
విన్నాను, చేస్తన్నాను అని.
తిరుగు గంట రాపోతే
మా అయ్య చేతిలో చుక్కాని ఉన్నా లేనట్టే."

ఆ రాత్రి అన్నీ చెరిపేశాను.
బొమ్మలు పోయాయి. నీలం పోయింది.
నల్లటి తెర మీద, మీటలున్న వరుసలోనే ఆరు గళ్ళు.
వేలు తగలగానే ఆ గడి ఒక్కటే వెలిగి
తన పేరు ఒకసారి చెప్పి
పనయ్యాక ఆరిపోతుంది.
హారను ఎప్పటికీ హారనే.
దాని చోటు పోలయ్య అడిగినా మారదు,
నేను తలుచుకున్నా మారదు.
లైటు. వైపరు. ఫోను. ఐసు.
ఐసంటే వెనక పెట్టెల్లో చలి ఎంతుందో చెప్పేది.

ఆరోది మిగిలింది.
రేడియోనా? తల అడ్డంగా ఊపాడు.
ఇంటి నంబరా? ఉహూఁ.
"దానికేం పని పెట్టకు. బోడిగా ఉండనీ.
చించినాడ వంతెన ఎక్కినప్పుడు
వేలు ఊరికే ఆనుకోడానికి
ఓ చోటుండాలి కదా."

ఐదు గళ్ళూ ఒక్క పూటలో తెమిలాయి.
ఆరోదానికి మూడు రోజులు పట్టింది.
ఇక్కడ ఏమీ లేదని చెప్పాలి,
పాడైందేమోనన్న అనుమానం మాత్రం రానివ్వకూడదు.
చివరికి ఒక సన్న గీత, గుండ్రంగా.
వెలగదు, పలకదు.

నిన్న వ్యానులో పక్కన కూచుని చూశాను.
వశిష్ఠ మీద తెల్లారుతోంది.
బొటనవేలు ఆరో మీట మీద ఉంది,
కళ్ళు రోడ్డు మీద ఉన్నాయి.
వంతెన దాటేదాకా
తెర వైపు ఒక్కసారీ చూడలేదు మనిషి.

నాకు కాస్త కోపం కూడా వచ్చింది.